ట్రెండింగ్ పోయాక యూట్యూబ్‌లో మీరు వీడియోలు ఎలా వెతుక్కుంటున్నారు?

పల్నాడు_అబ్బాయి

మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. నరసరావుపేటలో ఉంటారు. సాయంత్రం ఆరింటికి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, యూట్యూబ్‌లో ట్రెండింగ్ తెరిచి ఒకటి నుంచి ఇరవై దాకా వరసగా చదువుకోవడం ఆయనకు ఏళ్ల నాటి అలవాటు. వీడియోలు పెద్దగా చూడరు, ర్యాంకులు చదువుతారు. "నిన్న నాలుగో నంబర్లో ఉన్న ట్రైలర్ ఇవాళ రెండుకొచ్చింది" అని వంటింట్లో ఉన్న అమ్మకు వినిపించేలా అంటారు. అమ్మ పట్టించుకోదు. పట్టించుకోవాలని ఆయనా అనుకోరు.

2025 జూలైలో ఆ పేజీ ఎత్తేశారు కదా. అప్పట్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "ఆ మంట గుర్తు ఎటు పోయిందిరా" అని ఒకటే ప్రశ్న. పోనీ హోమ్ పేజీ చూసుకోమందామంటే అక్కడ ఇంకో గొడవ. ఎండాకాలం సెలవుల్లో మావాడు నెల రోజులు తాతగారి ఫోన్ వదల్లేదు. ఇప్పుడు హోమ్ నిండా కార్టూన్లు, బొమ్మ కార్లు, జేసీబీలు, బండలాగుడు పోటీలు. ఆయన వినే హరికథలు, ప్రవచనాలు ఎక్కడో అడుగున పడిపోయాయి. బెంగళూరు నుంచి ఫోన్లో చెప్పి సరిచేయించడం నా వల్ల కావట్లేదు. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లున్నవాళ్లు ఏం చేశారో కాస్త చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని

అన్నా, ఆ మంట గుర్తు ఇక రాదు. 2015లో పెట్టిన పేజీ, పదేళ్లకు మూసేశారు. అందరూ ఒకేదాని వెంట పడే రోజులు పోయాయనీ, ఎవరి గుంపుకు వాళ్ల ట్రెండ్ ఉంటోందనీ, ఆ పేజీకి వచ్చేవాళ్లు బాగా తగ్గారనీ కారణం చెప్పారు. దాని బదులు యూట్యూబ్ చార్ట్స్ అని వేరే పేజీ ఉంది. పాటలకు, మ్యూజిక్ వీడియోలకు, సినిమా ట్రైలర్లకు ర్యాంకులు అక్కడుంటాయి. బ్రౌజర్లో తెరిచి, ఫోన్ మొదటి స్క్రీన్ మీద ఐకాన్ పెట్టేయ్. మాస్టారికి కావాల్సింది నంబర్లే కదా.

కార్టూన్ల సంగతి వేరు. అది హిస్టరీని, అంటే ఆ ఫోన్లో ఇదివరకు చూసిన వీడియోల జాబితాని, బట్టి వచ్చే సరుకు. హిస్టరీలోకి వెళ్లి పిల్లాడు చూసినవి ఒక్కోటి తీసేయాల్సిందే.

గోంగూర_పచ్చడి

ట్రెండింగ్ తీసేశారన్న సంగతే నాకు ఈ చర్చ చూశాక తెలిసింది. అంటే వాళ్లు చెప్పిన కారణం నిజమేనేమో 😄

హిస్టరీ_ఆఫ్

నాది పూర్తిగా ఎదురు దారి. హిస్టరీ ఆపేశాను, పాతదంతా తుడిచేశాను. 2023 ఆగస్టు నుంచి అలా చేసినవాళ్లకు హోమ్‌లో సిఫార్సులు రావు. వెతుకుడు పెట్టె ఒక్కటే ఉంటుంది, కింద తెల్లగా ఖాళీ. ఆ సంగతి తెలియక మొదటిరోజు మా రౌటర్ రెండుసార్లు ఆపి వేశాను.

ఇప్పుడైతే ఆ ఖాళీకే అలవాటు పడ్డాను. తెరవగానే సబ్‌స్క్రిప్షన్స్‌కి వెళ్తాను, కొత్తవి ఉంటే చూస్తాను, లేకపోతే మూసేస్తాను. రాత్రి పదకొండింటికి "ఇంకొక్కటి" అనుకుంటూ ఒంటిగంట దాకా కూర్చునే రోగం తగ్గింది. అయితే నష్టమూ ఉంది. గంటన్నర ప్రసంగం మధ్యలో ఆపితే ఎక్కడ ఆపామో యాప్‌కి గుర్తుండదు. నేను నిమిషం అంకె కాగితం మీద రాసుకుంటాను. ఇంకోటి, కొత్త ఛానెల్ అనేదే కంటపడదు. ఎవరైనా లింకు పంపితేనే. మీ నాన్నగారికి మాత్రం ఇది చెప్పొద్దు. ఉన్న ట్రెండింగ్ పోయి బాధపడుతున్న మనిషికి ఖాళీ హోమ్ చూపిస్తే ఫోన్ పాడైందనుకుంటారు.

మానేరు_మోటర్స్

చూసేవాళ్ల బాధ ఒకటి, వీడియోలు పెట్టేవాళ్ల బాధ ఇంకొకటి. మాది కరీంనగర్ దగ్గర పల్లె. బోరు మోటర్ల వైండింగ్ షాపు. పని చేస్తూనే వీడియోలు పెడుతుంటా. మా వీడియో ఎప్పుడూ ట్రెండింగ్‌కి పోలేదు, పోదు కూడా. అందుకే అది తీసేస్తే నాకు ఏం ఫరక్ పడలేదు.

నాకు తెలిసొచ్చింది ఏందంటే, మా వీడియోలను హోమ్ పేజీ కన్నా వెతుకుడే ఎక్కువ బతికిస్తది. మొదట్లో "సబ్‌మెర్సిబుల్ మోటర్ రిపేర్" అని మంచిగా పేరు పెట్టేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఒకరోజు షాపుకు వచ్చిన రైతు "మోటర్ గుయ్యిమంటుంది గని తిరుగుతలేదు" అన్నడు. అదే మాట యథాతథంగా టైటిల్‌గా పెట్టిన. కెపాసిటర్ పోతే అట్లా గుయ్యిమంటది, అది ఎట్లా చూసుకోవాల్నో చూపించిన ఏడు నిమిషాల వీడియో. ప్రతి యాసంగిలో, పొలం తడులు మొదలు కాంగనే, ఆ వీడియోకి మళ్లీ జనం వస్తరు. హోమ్ పేజీలో వచ్చే వ్యూస్ వాన లెక్క. వెతికి వచ్చేవి బాయిల ఊట లెక్క.

షార్ట్స్ ముచ్చట కూడా చెప్త. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ వ్యూస్ లెక్క మార్చిండ్రు. అంతకుముందు కొంతసేపు చూస్తేనే వ్యూ. ఇప్పుడు వీడియో మొదలైతే చాలు, మళ్లీ తిరిగినా ఇంకో వ్యూ. నాకు ఆ సంగతి తెల్వదు. నంబర్ ఒక్కసారిగా లేచేసరికి మా తమ్ముడు కిలో మైసూర్‌పాక్ తెచ్చి షాపుల పంచిండు. వారం తర్వాత తెలిసింది, లెక్క మారింది గని జనం మారలేదని. పైసలు ఇచ్చేది ఇంకా పాత పద్ధతి వ్యూస్ మీదనే. వీడియోలు పెట్టేవాళ్లకు లెక్కలు చూపించే యూట్యూబ్ స్టూడియోల అది ఎంగేజ్డ్ వ్యూస్ అని వేరే కనిపిస్తది. పెట్టేవాళ్లు అదే చూసుకోండి.

నైట్‌షిఫ్ట్_నాని

@మానేరు_మోటర్స్ అన్నా, హైప్ వాడుతున్నారా? అదే, చూసేవాళ్లు నచ్చిన వీడియోకి పాయింట్లు ఇచ్చే మీట. చిన్న ఛానెళ్ల కోసమని 2025లో మన దగ్గర కూడా పెట్టారు కదా.

మానేరు_మోటర్స్

వాడినం. 500 నుంచి 5 లక్షల దాకా సబ్‌స్క్రైబర్లు ఉన్న ఛానెళ్లకే అది. వీడియో పెట్టిన ఏడు రోజుల లోపే చూసేవాళ్లు హైప్ కొట్టాలి, ఒక్కొక్కరికి వారానికి మూడు ఉచితం. ఛానెల్ ఎంత చిన్నదైతే పాయింట్లు అంత ఎక్కువ కలుస్తయి. మంచిదే. కానీ మా వీడియో చూసేటోడు మోటర్ కాలిపోయి టెన్షన్‌ల ఉంటడు. హైప్ కొట్టుమంటే "ముందు నీళ్లు రానీ అన్నా" అంటడు.

డిస్‌లైక్ అంకె 2021 నవంబర్‌ల దాచినంక ఒక తిప్పలైంది. అది మాకు స్టూడియోల కనిపిస్తది, చూసేవాళ్లకు కనిపించది. తప్పుడు కనెక్షన్ చూపించిన వీడియో కూడా మంచిదాని లెక్కనే కనిపిస్తది. కరెంటు పని వీడియో చూసి చేసేవాళ్లు ముందు కామెంట్లు చదువుండ్రి. "చేసి చూసిన, అయింది" అన్న మాట ఒక్కటన్నా ఉందా చూడుండ్రి.

ఎడిసన్_అక్క

మాది న్యూజెర్సీ. అమ్మా నాన్నా ఆరు నెలలకని వస్తే హాల్లో టీవీ ఒక్కటే, అకౌంట్ ఒక్కటే. రెండు వారాల్లో మా ఆయన బాస్కెట్‌బాల్ వీడియోల మధ్య సుప్రభాతం, పిల్లల మైన్‌క్రాఫ్ట్ మధ్య బీరకాయ తొక్కు పచ్చడి. ఎవరికీ వాళ్లది దొరకదు. రిమోట్ కోసం కన్నా హోమ్ పేజీ కోసం ఎక్కువ పేచీలయ్యాయి మా ఇంట్లో.

చివరికి టీవీలో అమ్మకొక అకౌంట్, పిల్లలకొక అకౌంట్ పెట్టాం. చుట్టాలొస్తే గెస్ట్. అమ్మకు బొమ్మ చూసి గుర్తుపట్టడం తేలిక అని ఆవిడ అకౌంట్‌కి తులసికోట ఫోటో పెట్టాను. "తులసికోట నొక్కమ్మా" అంటే చాలు.

ఇంకో విషయం కూడా. మా మామయ్యగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. నాగపూర్లో పనిచేసినప్పటి అలవాటు, ఫోన్ భాష హిందీలోనే ఉంటుంది. ఓ రోజు ఇంగ్లీషులో మాట్లాడే గార్డెనింగ్ ఆయన వీడియో పెడితే ఆయన హిందీలో మొదలుపెట్టాడు! మామయ్యగారు "వీడికి హిందీ ఎప్పుడొచ్చింది" అని ఒకటే ఆశ్చర్యం. అది ఆటోమేటిక్ డబ్బింగ్. వీడియో మీద గేర్ గుర్తు నొక్కి, ఆడియో ట్రాక్‌లో ఒరిజినల్ పెట్టుకోవాలి. టైటిల్ మాత్రం చూసి భాష తేల్చుకోవద్దు, అదీ అనువాదమై ఉండొచ్చు.

లెక్క_చూద్దాం

అక్కర్లేని వీడియో వస్తే "దాని పక్క మూడు చుక్కల్లో నాట్ ఇంటరెస్టెడ్ నొక్కితే సరి" అనే సలహా అందరూ ఇస్తారు. 2022లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్లు ఇరవై వేల మందికి పైగా వాలంటీర్లతో ఇవి ఎంత పనిచేస్తాయో చూశారు. అక్కర్లేని సిఫార్సులను నాట్ ఇంటరెస్టెడ్ ఆపింది 11 శాతం. డిస్‌లైక్ 12. హిస్టరీ నుంచి తీసేస్తే 29. డోంట్ రికమెండ్ ఛానెల్ నొక్కితే 43. అన్నిటికన్నా గట్టి మీటకే సగం కూడా లేదన్నమాట. ఆ తర్వాత ఏమైనా మారి ఉండొచ్చు, కానీ నా అనుభవంలో వరస మాత్రం అదే.

అందుకని @పల్నాడు_అబ్బాయి, నాట్ ఇంటరెస్టెడ్ మీద టైం వేస్ట్ చేయకండి. కార్టూన్ ఛానెళ్లకు డోంట్ రికమెండ్, హిస్టరీలోంచి ఆ వీడియోలు తీసేయడం, ఈ రెండూ కలిపి చేయండి. ఈసారి మనవడు ఫోన్ తీసుకునే ముందు ఇన్‌కాగ్నిటో పెట్టి ఇవ్వమనండి, అందులో చూసినవి హిస్టరీలోకి ఎక్కవు. పాత హిస్టరీ 3 నెలలకో 18 నెలలకో తనంతట తానే పోయేలా కూడా పెట్టుకోవచ్చు.

గోంగూర_పచ్చడి

మనవడికి ఇన్‌కాగ్నిటో పెట్టి ఇచ్చే తాతగారు ఈ రాష్ట్రంలో ఎవరైనా ఉన్నారా సార్?

లెక్క_చూద్దాం

మనవడే పెట్టుకుంటాడు లెండి.

పాత_రేడియో

నాకు అరవై ఏడు. మాస్టారి వయసువాణ్ణే కాబట్టి ఆయన తరఫున మాట్లాడతాను. బాబూ, హోమ్ అనేది పెళ్లి భోజనాల్లో వడ్డించేవాడి లాంటిది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె వేసి పోతాడు. నేను దాన్ని నమ్ముకోవడం మానేశాను.

నా పద్ధతి పాతది. వెనకటికి పేపర్లో ఆకాశవాణి కార్యక్రమాలు చూసి గీత పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడూ అంతే. ఒక అరవై పేజీల నోట్‌బుక్ కొన్నాను. నచ్చిన ఛానెల్ పేరు అందులో రాస్తాను. కావాల్సినప్పుడు మైకు గుర్తు నొక్కి ఆ పేరు చదువుతాను. మైకు ఒక్కోసారి వేరే ఏదో వింటుంది, మళ్లీ చెప్తాను. మరీ ముఖ్యమైన నాలుగింటికి గంట గుర్తు నొక్కి "ఆల్" పెట్టుకున్నాను. అది పెట్టకపోతే ఏ వీడియోకి కబురు చెయ్యాలో వాళ్లే నిర్ణయిస్తారు.

తేదీ మాత్రం చూసుకోండి. మొన్న విశ్వావసు ఉగాదికి మా ఆవిడ పొద్దున్నే పంచాంగ శ్రవణం పెట్టుకుని, ఇంటిల్లిపాది ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ కాగితం మీద ఎక్కించింది. ఆదాయం పద్నాలుగు అనగానే నేనూ కాస్త పొంగిపోయాను. అంతా అయ్యాక పెద్దమ్మాయి చూసి, ఇది నిరుటి క్రోధి నామ సంవత్సరానిదమ్మా అంది. వెతికినప్పుడు పైకి వచ్చిందే కొత్తది అనుకోవడం మా తప్పు. ఛానెల్ పేజీకి వెళ్లి వీడియోల్లో లేటెస్ట్ చూసుకుంటే ఆ తంటా ఉండదు.

ఎడిసన్_అక్క

@పాత_రేడియో అంకుల్, ఇంతకీ అసలు ఏడాదిది ఎంత వచ్చింది?

పాత_రేడియో

అడక్కమ్మా.

పల్నాడు_అబ్బాయి

అందరికీ థాంక్స్. దసరాకి ఊరెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. చార్ట్స్ ఐకాన్ మొదటి స్క్రీన్ మీద పెట్టాను. నాన్నగారు తెరిచి ట్రైలర్ల వరస చదివి, "మంట గుర్తు లేదు గానీ నంబర్లున్నాయి" అన్నారు. హిస్టరీలో నెల రోజులది ఏరి తీసేశాను. కార్టూన్లు, బొమ్మ కార్లు, జేసీబీలు, బండలాగుడు, అన్ని ఛానెళ్లకూ డోంట్ రికమెండ్ కొట్టాను. ఆయనకు పాత_రేడియో గారి నోట్‌బుక్ సంగతి కూడా చదివి వినిపించాను. వినీ విననట్టు ఊరుకున్నారు.

బెంగళూరు వచ్చిన నాలుగో రోజు ఫోన్.

"ఏరా, ఎడ్లేవి?"

"ఏ ఎడ్లు నాన్నా?"

"బండలాగుడు. ఒంగోలు గిత్తలవి. రోజూ వచ్చేవి, రావట్లేదు."

అవి మావాడు చూసినవి కావట. ఆయన చూసేవట. అమ్మకు కూడా తెలియదు. మరి డోంట్ రికమెండ్ కొట్టింది వెనక్కి తేవడం ఎలాగండీ?

లెక్క_చూద్దాం

గూగుల్ మై యాక్టివిటీలో ఇతర యాక్టివిటీ కింద యూట్యూబ్ నాట్ ఇంటరెస్టెడ్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది, అది డిలీట్ చేయాలి. కాకపోతే ఒక్కోటి ఏరడానికి లేదు, మొత్తం ఒకేసారి పోతుంది. జేసీబీలు కూడా వెనక్కొస్తాయి.

నైట్‌షిఫ్ట్_నాని

అంత దూరం ఎందుకన్నా. ఆ ఎడ్ల ఛానెళ్ల పేర్లు మాస్టారినే అడిగి సబ్‌స్క్రైబ్ చేయించు.

పల్నాడు_అబ్బాయి

అడిగాను. నోట్‌బుక్‌లో రాసుకున్నారట. పదకొండు ఉన్నాయి.