“ఎందెందు వెదకి చూచిన...” తర్వాత అందందేనా, అందందెనా?

ఒక మెయిల్ ప్రోగ్రాంకి తెలుగులో సహాయపుట రాస్తున్నాను. సేవ్ చేసిన సెర్చ్ ఫోల్డర్ల దగ్గర, అంటే మనం పెట్టిన షరతులకు సరిపోయే మెయిళ్ళని ఏరి చూపించే ఫోల్డర్ల దగ్గర, ఆగాను. ఒకే మెయిల్ మూడు ఫోల్డర్లలో కనబడితే డిస్కులో మూడింతల చోటు పోయిందేమో అని చాలామంది టెన్షన్ పడతారు. అక్కడ ప్రహ్లాదుడి పద్యం పాదం పెట్టాలని ఉంది. నా నోట్లో “నందందె కలఁడు” అని ఆడుతోంది, కానీ ఎక్కడో తేడాగా ఉంది. దె సాగాలా? అసలు ఈ పాదం ఇక్కడ పొసుగుతుందా?

జవాబు: సాగాలండీ. కందం కదా, గణానికి నాలుగు మాత్రలు, గణాలు కట్టి చూడండి: నందం, దేకలఁ, డుదాన, వాగ్రణి, వింటే. రెండోది భగణం. దె అని కురచ చేస్తే మూడు మాత్రలే మిగిలి గణం పడిపోతుంది. పై పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే ఆరోది ‘డుదాన’, అక్కడ జగణం చక్కగా కుదిరింది, దాన్ని కదపకండి.

జవాబు: ఛందస్సు సరే, ఆ ఏ-కి అర్థం ఏమిటన్నదే నా పేచీ. అది అవధారణం, నొక్కి చెప్పడం. ఎక్కడ వెదికితే సరిగ్గా అక్కడే ఉన్నాడు అని. సెర్చ్ ఫోల్డర్‌లో మెయిల్ “అక్కడే” ఉండదు గదా! అందులో ఉండేది వెతుకులాట షరతులు మాత్రమే: ఎవరి నుంచి, ఏ మాట, ఏ ఫోల్డర్లలో. విండోస్‌లో సేవ్ చేసిన సెర్చ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, షరతులు రాసిన చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలు, అంతే. మాక్‌లో స్మార్ట్ ఫోల్డరూ అలాంటిదే. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం అయితే ఈ షరతులన్నీ virtualFolders.dat అనే ఒక్క ఫైల్లో రాసుకుంటుంది. పది వేల మెయిళ్ళు చూపించే ఫోల్డరైనా డిస్కులో దానికి పట్టే చోటు లెక్కలోకి రాదు. అందందే అని రాస్తే చదివేవాడు ప్రతిచోటా ఒక కాపీ ఉందనుకుంటాడు.

జవాబు: మీరు అందందే దగ్గరే ఆగిపోయి రెండో పాదం వదిలేశారు. “చక్రి సర్వోపగతుండు” అన్నాడు. ఉపగతుడంటే చేరినవాడు. చక్రి ఒక్కడే, ఏకవచనం, అన్నిచోట్లకీ చేరాడు. కాపీల మాటే లేదు. మెయిలూ అంతే, ఉన్నది ఒకటే, మూడు ఫోల్డర్లలోంచి కనబడుతుంది. ఒకటే గనక సెర్చ్ ఫోల్డర్‌లో నిలబడి ఆ మెయిల్ని తీసేస్తే మూల ఫోల్డర్‌లోంచే చెత్తబుట్టలోకి పోతుంది, మిగతా రెండు చోట్లా మాయమవుతుంది. సెర్చ్ ఫోల్డర్‌నే తీసేస్తే మాత్రం ఒక్క మెయిలూ పోదు. ఈ రెంటికీ ఉన్న తేడాని మీ పుటలో పెద్దక్షరాల్లో రాయండి, జనం నష్టపోయేది అక్కడే.

జవాబు: పోతన దగ్గరికే వెళ్ళేటప్పుడు గజేంద్రుణ్ణి వదిలేస్తారేం? “కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో”! సెర్చ్ ఫోల్డర్‌కి ఇంతకంటే అతికే పాదం లేదు. దీనుల యెడ కలడంటారు, యోగుల పాల కలడంటారు, అన్ని దిశల్లోనూ కలడంటారు, ఇంతమంది అన్నాక ఆ ఏనుగు గొంతులో సందేహం. ఒకే క్రియని ఇన్నిసార్లు తిప్పి, ఆఖరి రెండు మాటల్లో గుండె పట్టుకునేలా చేయడం ఆయనకే చెల్లింది.

జవాబు: పద్యం గొప్పదే, కాదనను. కానీ సహాయపుట సందేహం తీర్చాలి, పెంచకూడదు. ప్రహ్లాదుడు తీర్చేవాడు, “ఇందుగలఁ డందు లేఁ డని సందేహము వలదు” అనే మొదలెట్టాడు. చోటు సంగతికొస్తే, సెర్చ్ ఫోల్డర్లు కాదు గానీ వాటి వెనక వేగంగా వెతకడానికి కట్టే సూచిక చోటు తింటుంది, మెయిళ్ళు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఇంకొకటి, ఫోల్డర్ మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచే పద్ధతిలో మెయిల్ తీసేసినా, చెత్తబుట్ట ఖాళీ చేసినా ఆ ఫైలు వెంటనే తగ్గదు, కాంపాక్ట్ చేయాలి, అంటే తీసేసిన మెయిళ్ళ చోటుని ఫైల్లోంచి తొలగించమని ప్రోగ్రాంకి చెప్పాలి.

మళ్ళీ అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. “కలఁడు” దగ్గర ఆపేస్తే చాలా, లేక “దానవాగ్రణి వింటే” కూడా ఉంచాలా? ‘మీరు వింటే’ అన్నట్టు వినబడుతుందేమోనని.

జవాబు: అది ‘వింటే’ కాదండీ, వింటివే! విన్నావా అని అడగడం. హిరణ్యకశిపుడికి షరతు పెడుతున్నాడా ప్రహ్లాదుడు?

జవాబు: వింటివే అన్నది ఒప్పుకుంటాను, కానీ అందులో ప్రశ్న ఉందనను. అదీ అవధారణమే...