డెబియన్ ఎక్కిస్తుంటే మౌస్‌ను తప్పుగా గుర్తిస్తోంది: తప్పు డ్రైవర్‌దా, డబ్బాదా?

పాతపెట్టె: మా ట్యూషన్ సెంటర్లో రెండు సీపీయూలకి ఒకే మానిటర్, ఒకే మౌస్. మధ్యలో కేవీఎం స్విచ్, అంటే వాటిని ఈ సీపీయూకీ ఆ సీపీయూకీ మార్చే డబ్బా. మౌస్ గుండ్రటి పిన్నుది, పీఎస్/2. డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) ఇన్‌స్టాలర్ తెరుచుకోగానే బాణం మూలకి దూకుతోంది, నొక్కకుండానే క్లిక్ పడుతోంది. రెండో కన్సోల్లో చూస్తే మామూలు చక్రం మౌస్‌ని ‘ఎక్స్‌ప్లోరర్ మౌస్’ అని రాసుకుంది. ఐదేళ్లు విండోస్‌లో ఏ గొడవా లేదు. డ్రైవర్‌దే, అంటే మౌస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌దే తప్పు.

నిశాచరి: నేరుగా సీపీయూకి గుచ్చి చూశారా?

పాతపెట్టె: చూశా. బాగానే ఉంది. కానీ ప్రశ్న అది కాదు.

కెర్నల్‌మామ: ప్రశ్న అదేనండీ. పీఎస్/2 మౌస్ తన పేరు తాను చెప్పదు. శాంపిల్ రేట్లు (సెకనుకి ఎన్నిసార్లు కదలిక చెప్పాలో ఆ అంకెలు) 200, 100, 80 వరసగా పంపి ‘నీ నంబరెంత’ అని డ్రైవరే అడగాలి. చక్రం ఉంటే 3 అంటుంది, లేకపోతే 0. అదే 200, 200, 80 అని తడితే పక్క బటన్లున్న మౌస్ 4 అంటుంది. నంబరు 0 అయితే ఒక్కో కదలికకి 3 బైట్ల ప్యాకెట్, 3 గానీ 4 గానీ అయితే 4 బైట్లు. మీ డబ్బా 4 అని చెప్పి 3 బైట్లే వదులుతోందని నా అనుమానం. డ్రైవర్ నాలుగోది పక్క ప్యాకెట్లోంచి లాక్కుంటుంది. అందుకే ఆ గెంతులు.

పాతపెట్టె: మరి విండోస్‌లో ఎలా పనిచేసింది?

సూపర్‌సుబ్బి: మూడొందలు పెట్టి యూఎస్‌బీ మౌస్ కొనుక్కోండన్నా, గోల వదుల్తుంది 😀

కెర్నల్‌మామ: బూట్ మెనూలో టాబ్ నొక్కి, చివర మూడు అడ్డగీతల (---) తర్వాత ‘పీఎస్‌మౌస్.ప్రోటో=బేర్’ అని కొట్టండి (ఇంగ్లిషులోనే). బేర్ అంటే చక్రం లేని మౌస్ పద్ధతి, 3 బైట్లే. గీతల తర్వాత రాస్తే ఎక్కిన సిస్టమ్‌కీ అది వెళ్తుంది. లేదంటే టెక్స్ట్ ఇన్‌స్టాల్ ఎంచుకోండి, అందులో మౌస్‌తో పనే లేదు.

పాతపెట్టె: మూడోసారి అడుగుతున్నా. విండోస్‌లో ఎలా పనిచేసింది?

కెర్నల్‌మామ: చవక డబ్బా అబద్ధం చెబితే కెర్నల్ (డ్రైవర్లు ఉండే లైనక్స్ మూలభాగం) రాసినవాళ్లేం చేస్తారు? ఆ సంగతి డబ్బా అమ్మినవాణ్ణి అడగండి!

పాతపెట్టె: వాణ్ణెందుకు? ‘పాత మెషీన్లకి లైనక్సే దిక్కు, కళ్లు మూసుకుని ఎక్కించండి’ అన్నది మీరు, ఇక్కడే. మీ మాట నమ్మి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా. పిల్లల ముందు బాణం గెంతుతుంటే ఒకడు ‘సార్, వైరస్సా?’ అన్నాడు. మీకు ఇది ప్యాకెట్ల లెక్క, నాకు పరువు.

నిశాచరి: ఇప్పుడర్థమైంది, గొడవ మౌస్‌ది కాదు.

కెర్నల్‌మామ: అన్నాను, నిజమే. మధ్యలో కేవీఎం ఉందా అని అడగాల్సింది, అడగలేదు. అంతమాత్రాన డ్రైవర్‌ని తిడితే మాత్రం ఒప్పుకోను.

పాతపెట్టె: బేర్ పెట్టా. బాణం కుదురుగా ఉంది. చక్రం తిరగట్లేదు.

కెర్నల్‌మామ: బేర్‌లో తిరగదు. ‘ఇంప్స్’ (చక్రం మౌస్ పద్ధతి) అని మార్చి చూడండి, డబ్బా ఒప్పుకుంటే వస్తుంది.

పాతపెట్టె: మళ్లీ డబ్బా!