చెలకలో పిల్లాడికి జేసీబీ నేర్పితే తప్పేంటి?

చెలక_జేసీబీ (దేవరకద్ర)
సొంత మిషన్ ఉంది. మా వాడికి పదేళ్లు. బడి నుంచి రాగానే దాని చుట్టే తిరుగుతాడు, ఏ లివర్ దేనికో గడగడా చెప్తాడు. ఈ ఎండాకాలం సెలవుల్లో మా చెలకలోనే బకెట్ ఎత్తడం, దించడం, గుంత తీయడం నేర్పిద్దామనుకుంటున్నా. ఎలాగూ నేను లేనప్పుడు దొంగచాటుగా ఎక్కుతున్నాడు. మనమే నేర్పితే జాగ్రత్తలు తెలుస్తాయి కదా? ఇంట్లో ఆవిడ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

పానగల్_పిలగాడు
వీడియో పెట్టన్నా.

కోర్టు_గేటు (నల్గొండ)
మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 4 చూడండి. 18 నిండనివారు బహిరంగ ప్రదేశంలో వాహనం నడపకూడదు. 2019 సవరణలో 199ఎ వచ్చింది. మైనర్ నడిపి నేరం జరిగితే తండ్రికో ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. మీకు ఓనరూ తండ్రీ ఒకరే, కాబట్టి రెండు వైపులా మీరే దొరుకుతారు.

చెలక_జేసీబీ
చెలక బహిరంగ ప్రదేశం కాదు సార్. పట్టా నా పేరు మీదే ఉంది.

కోర్టు_గేటు
పట్టా కాదు ముఖ్యం. జనానికి వచ్చిపోయే హక్కు ఉందా లేదా అన్నది. మీ చెలకలో బండ్లబాట ఉందా? పక్క రైతు ఆ దారినే బాయికాడికి పోతాడా?

లివర్_మనిషి (కల్వకుర్తి)
చట్టం పక్కన పెట్టండి. నేను ఆపరేటర్‌ని. జేసీబీ క్యాబిన్‌లో ఉండేది ఒకటే సీటు. డ్రైవింగ్ స్కూల్ కారులో లాగా నేర్పేవాడికి వేరే బ్రేక్ ఉండదు. మరి మీరు ఎక్కడ కూర్చుంటారు? ఒళ్లో కూర్చోబెట్టుకుంటే బెల్టు ఇద్దరికీ పట్టదు. మిషన్ ఏడు టన్నులకు పైనే. గట్టు అంచున చక్రం కుంగి పక్కకు ఒరిగితే క్యాబిన్ గట్టిగానే ఉంటుంది, బెల్టు పెట్టుకున్నవాడు బతుకుతాడు. బయటికి విసిరేసినట్టు పడ్డవాడి మీదే మిషన్ పడుతుంది.

ఇంకోటి. ఇంజిన్ ఆపేస్తే సేఫ్ అనుకుంటారు చాలామంది. ముందు బకెట్ పైకి లేపి ఉంచి ఇంజిన్ ఆపారనుకోండి, తర్వాత ఎవరైనా లివర్ కదిపితే బరువుకే కిందికి దిగుతుంది. అందుకే బకెట్ నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. దొంగచాటుగా ఎక్కుతున్నాడంటే మీ తాళం చెవి ఎక్కడుంది అన్నా?

నకిరేకల్_టు_లండన్
ఇక్కడ ఇంగ్లండ్‌లో, కెంట్ జిల్లాలో డిగ్గర్‌లాండ్ అని పార్కే ఉంది, 2000 నుంచి నడుస్తోంది. చిన్న పిల్లలు నిజం మిషన్లే నడుపుతారు. అమెరికాలో కూడా పెట్టారు. మన దగ్గర అన్నిటికీ భయమే.

లివర్_మనిషి
అక్కడ వేగం తగ్గించి మార్చిన మిషన్లు, పక్కన ట్రైనింగ్ అయిన స్టాఫ్, చుట్టూ కంచె. ఇక్కడ చెలక మీద నుంచి 11 కేవీ కరెంటు లైన్ పోతుంది. బూమ్, అదే వెనక తవ్వే పొడుగు చెయ్యి, ఎత్తినప్పుడు తల పైకెత్తి చూసే అలవాటు పదేళ్లోడికి ఉంటుందా?

మక్తల్_టీచరమ్మ
ఒక మాట చెప్పనా? మా బడి ఆవరణ చదును చేయించినప్పుడు పిల్లలంతా జేసీబీ వెనకే గుమిగూడారు. నడపడం సంగతి తర్వాత, ఎక్కడ నిలబడకూడదో ముందు నేర్పాలి. నీకు ఆపరేటర్ ముఖం కనిపించకపోతే అతనికి నువ్వు కనిపించవు. వెనక బూమ్ తిరిగే మేరలో అడుగు పెట్టకూడదు. మట్టి కుప్ప మీద ఆడకూడదు. పూడిక తీసిన చెరువు గుంత నీళ్లు నిండాక లోతు తెలియదు. ఇవి ప్రతి ఊళ్లో పిల్లలకు చెప్పాల్సినవి, జేసీబీ ఓనర్ల పిల్లలకు మాత్రమే కాదు.

కోర్టు_గేటు
బండ్లబాట సంగతి చెప్పలేదు.

చెలక_జేసీబీ
ఉంది సార్. అయితే ఏంటి? ఆ బాట మీద ట్రాక్టర్ నడిపే పోరలందరికీ లైసెన్స్ ఉందా? పాలమూరులో మట్టి పని నేర్చుకోవడానికి ఎవడు కాలేజీకి పోయాడు? మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు, మా నాన్న కాలువ పనుల్లో పార పట్టాడు. మాకు మిషన్ వచ్చింది. దాన్ని పట్టుకుంటే తప్పా?

లివర్_మనిషి
నేనూ మీ వాడి కంటే కొంచెం పెద్దయ్యాకే ఎక్కాను. నడపడానికి కాదు, గ్రీజు కొట్టడానికి. పిన్నుకు గ్రీజు కొడుతుంటే పైన ఉన్నాయన చూడకుండా లివర్ లాగాడు. చూపుడు వేలు సగం పోయింది. బైక్ మీద నుంచి పడ్డానని ఆస్పత్రిలో చెప్పమన్నాడు ఓనర్. చెప్పాను. ఆ నెల జీతం కూడా రాలేదు.

చెలక_జేసీబీ
అందరు ఓనర్లూ అట్లాంటోళ్లేనా? నా ఆపరేటర్ దసరాకు అడ్వాన్స్ తీసుకుని హైదరాబాద్ పోయాడు. ఫోన్ ఎత్తడు. మిషన్ వాకిట్లో నిలబడితే కిస్తీ ఆగుతుందా? మళ్లీ ఇంకొకర్ని బతిమాలి, బత్తా పెంచి తెచ్చుకున్నా. మా వాడికి పని వస్తే రేపు ఎవరి కాళ్లూ పట్టుకునే పని ఉండదు.

లివర్_మనిషి
అదీ సంగతి. పిల్లాడి సరదా అన్నావు, జాగ్రత్త అన్నావు. నీకు కావాల్సింది మేము లేకుండా పని నడవడం. సరే, మీ వాడు పైన లివర్ పట్టినప్పుడు కింద నిలబడి మట్టి చూసేది ఎవరు? హెల్పర్ ఉన్నాడా? వాడికెన్నేళ్లు?

చెలక_జేసీబీ
పదిహేను. మా దూరపు చుట్టాల పిలగాడే. వాళ్ల నాన్న కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ముంబై పోయాడు, అది తీరలేదు. వాడే అడిగి వచ్చాడు. తిండి పెడుతున్నా, జీతం ఇస్తున్నా. నీకేంటి కష్టం?

లివర్_మనిషి
నీ కొడుకు మీద ఇంత చర్చ పెట్టావు, ఆ పిలగాడి మీద ఒక్క ముక్క రాయలేదు. వాడికి ఏదన్నా అయితే ఎవరు చూస్తారు? భవన నిర్మాణ కార్మికుల కార్డు కావాలన్నా 18 నిండాలి.

కోర్టు_గేటు
ఇక్కడొక చిన్న సవరణ. బాల కార్మిక చట్టం 2016 సవరణ ప్రకారం 14 లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. కుటుంబ పనిలో బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయొచ్చు, అదీ ప్రమాదం లేని పని అయితేనే. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైనవి కొన్నిటిలో నిషేధం, గనులు, పేలుడు పదార్థాలు వగైరా. హెల్పర్ పని ఆ జాబితాలోకి వస్తుందా అన్నది...

లివర్_మనిషి
నా వేలికి ఆ జాబితా తెలియదు సార్.

పానగల్_పిలగాడు
గట్టిగా పడింది.

చెలక_జేసీబీ
వేలు పోయినందుకు బాధే. కానీ నువ్వు నన్ను మీ పాత ఓనర్ అనుకుని మాట్లాడుతున్నావు. మా వాణ్ని ఎక్కించాలా వద్దా అని అడిగా. దానికి మాత్రం ఎవరూ సూటిగా చెప్పలేదు.

లివర్_మనిషి
సూటిగా చెప్తున్నా. ఎక్కించొద్దు. ఇంజిన్ ఆపి, బకెట్ కింద పెట్టి ఆయిల్ చూడటం, టైర్లు చూడటం, గ్రీజు ఎక్కడెక్కడ కొట్టాలో చూపించు. నడపడం 18కి. ఆ హెల్పర్ పిలగాణ్ని జూన్‌లో బడికి పంపు.

చెలక_జేసీబీ
బడికి పంపితే హెల్పర్ ఎవరు? నీకు మే నెలలో ఖాళీ ఉంటే చెప్పు, జీతం మాట్లాడుకుందాం.

లివర్_మనిషి
హెల్పర్‌కు 18 నిండితేనే వస్తా.

మక్తల్_టీచరమ్మ
ఆ పిలగాడు ఏ ఊరు, ఏ తరగతిలో మానేశాడు? పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో కట్టించొచ్చు. నాకు మెసేజ్ పెట్టండి.

కోర్టు_గేటు
బండ్లబాట మీద మీ చెలక దాకా మిషన్ నడుపుకుంటూ పోయేది ఎవరో మాత్రం ఇంకా చెప్పలేదు.