రంగుల కాలా లిల్లీ దుంపలకు నీరు ఎంత పెట్టాలి, ఎప్పుడు నాటాలి?

ప్రశ్న (మిద్దెతోట, కూకట్‌పల్లి):
నమస్కారం. గులాబీ, పసుపు రంగుల్లో పూసే కాలా లిల్లీ దుంపలను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మా తూర్పు బాల్కనీలో ఉదయం పది గంటల వరకు ఎండ పడుతుంది, ఆ తర్వాత వెలుతురు మాత్రమే ఉంటుంది. ఇది చిత్తడి నేలల మొక్క కాబట్టి కుండీ కింది పళ్ళెంలో ఎప్పుడూ నీళ్ళు ఉండాలని ఒకరు, నీళ్ళు నిలిస్తే దుంప కుళ్ళుతుందని మరొకరు చెబుతున్నారు. ఇద్దరూ ఈ మొక్కను పెంచినవారే. ఎవరి మాట వినాలి? ఇది సెప్టెంబరు, వానలు ఇంకా తగ్గుముఖం పట్టలేదు. దుంపలను ఇప్పుడే నాటవచ్చునా? ఇంట్లో పిల్లి కూడా ఉంది.

సమాధానం (పూలబాట, బెంగళూరు):
ఇద్దరూ నిజమే చెప్పారండీ, కాకపోతే వేర్వేరు మొక్కల గురించి చెప్పారు. తెల్లగా, పెద్దగా పూసే కాలా దక్షిణాఫ్రికాలో వాగుల అంచున, చిత్తడి నేలల్లో పెరిగే రకం. ఊటీ వంటి చల్లని కొండ ప్రాంతాల్లో తోటల్లో కనిపించేది ఎక్కువగా అదే. దానికి అల్లంలా అడ్డంగా పాకే దుంప ఉంటుంది, తేమ ఎంత ఉన్నా తట్టుకుంటుంది. మీరు కొన్న రంగుల రకాలు అదే దేశంలోని వేరే జాతులను సంకరం చేసి తీసినవి. వాటి దుంప గుండ్రంగా, కాస్త బల్లపరుపుగా ఉంటుంది. ఆ జాతులు ఏడాదిలో కొంతకాలం ఆకులు రాల్చి నేలలో నిద్రపోతాయి కనుక నీరు నిలిస్తే ఓర్చుకోలేవు. కాబట్టి మీ కుండీలకు పళ్ళెం అసలు వద్దు.

వేడి, తడి రెండూ ఒకేసారి కలిసినప్పుడే మెత్తకుళ్ళు బాక్టీరియా చెలరేగుతుంది. దుంప చెడు వాసనతో ముద్దగా మారిపోయాక మందు చల్లినా ఫలితం ఉండదు. దానిని మట్టితో సహా తీసి పారవేయడమే మార్గం.

సమాధానం (ఎర్రమట్టి, సికింద్రాబాద్):
పై మాటలకు మన ఊరి లెక్క ఒకటి చేరుస్తాను. వానలు వెనుకబట్టి రాత్రులు చల్లబడేదాకా, అంటే అక్టోబరు చివరిదాకా ఆగండి. అంతవరకు దుంపలను కాగితపు సంచిలో, గాలి ఆడే నీడలో ఉంచండి. ప్లాస్టిక్ సంచిలో మాత్రం ఉంచవద్దు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ముతక ఇసుక సమపాళ్ళలో కలిపి, అందులో బాగా మాగిన వర్మీకంపోస్టు రెండు గుప్పిళ్ళు వేస్తే చాలు. పచ్చి పశువుల ఎరువు జోలికి వెళ్ళవద్దు. మొలక కళ్ళున్న వైపు పైకి వచ్చేలా పెట్టి, దుంప మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మట్టి కప్పండి. మొదట ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా మట్టి పైపొర ఆరితేనే మళ్ళీ నీళ్ళు పోయండి. కుళ్ళిపోయే దుంపల్లో అధిక భాగం ఈ దశలో ఆత్రం కొద్దీ పోసే నీళ్ళ వల్లే పోతాయని నా అభిప్రాయం. ఆకులు విచ్చుకున్నాక నీరు పెంచవచ్చు. యూరియా వేస్తే ఆకులు ఏపుగా వస్తాయి కానీ పూలు రావు. పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువును పలుచగా ఇవ్వండి. అంతా బాగుంటే సంక్రాంతి తర్వాత పూలు చూస్తారు. మీ ఉదయపు ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది.

పిల్లి విషయంలో జాగ్రత్త తప్పనిసరి. ఇది పేరుకే లిల్లీ, నిజానికి కంద, చేమల కుటుంబానికి చెందినది. పచ్చి కంద దురద పెట్టడానికి కారణమైన సూది స్ఫటికాలే దీని ఆకుల్లోనూ, దుంపలోనూ ఉంటాయి. పిల్లి కొరికితే నోరు మండి చొంగ కారుతుంది. కుండీని అందని ఎత్తులో పెట్టండి.

సమాధానం (తోటపని, న్యూజెర్సీ):
మాకు ఇక్కడ మంచు భయం తగ్గాక మే నెలలో నాటి, శరదృతువులో మొదటి మంచు పడగానే తవ్వి, ఎండిన రంపపు పొట్టులో 10 డిగ్రీల చలిలో దాచుకోవలసి ఉంటుంది. మీకు ఆ తవ్వే పని లేదు కానీ విశ్రాంతి మాత్రం తప్పదు. పూలు అయిపోయిన వెంటనే ఆకులు కోయకండి. అవి పచ్చగా ఉన్నంతకాలం దుంపకు ఆహారం చేరుతూనే ఉంటుంది. పసుపు రంగుకు తిరగగానే నీరు తగ్గిస్తూ వచ్చి, పూర్తిగా ఎండాక ఆపివేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పళ్ళేలు తీసివేశాను, నాటడం అక్టోబరు చివరికి వాయిదా వేశాను. ఎండాకాలంలో ఆకులు పోయిన కుండీలను బాల్కనీలోనే ఉంచవచ్చునా?

ఎర్రమట్టి, సికింద్రాబాద్:
ఉంచవచ్చు, కానీ గోడ వేడి తగలని మూలకు జరిపి, జూన్ వానలు మొదలు కాకముందే కుండీలను చూరు కిందికి చేర్చండి. నిద్రలో ఉన్న దుంప మీద పడే తొలకరి వాన మన ఎండకన్నా ప్రమాదకరం.