దక్షిణం కుడివైపా, ఎడమవైపా?

మా మేనల్లుడు సెలవులకి అమలాపురం వచ్చాడు. వాడికి ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులనే కల్పిత జాతికి అల్లిన భాషల పిచ్చి. మొన్న సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తుంటే, "మావయ్యా, వాళ్ళ భాషలో దక్షిణం అంటే ఎడమవైపు, తెలుసా?" అన్నాడు. "మనకి కుడివైపురా" అన్నాను. నమ్మలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

సంస్కృతంలో దక్షిణ అంటే కుడి. ప్రదక్షిణలో దేవుణ్ణి కుడిపక్కన ఉంచుకునే కదా తిరుగుతాం. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ముందున్నది ప్రాచి, వెనకున్నది పశ్చిమం, కుడిచేతి వైపుది దక్షిణం. ఎల్ఫులు నిలబడేది దీనికి సరిగ్గా తిరగేసి. వాళ్ళ పుణ్యభూమి పడమటి సముద్రానికి అవతల ఉంది కాబట్టి మొహం అటే. దాంతో దక్షిణం ఎడమచేతికి వచ్చింది. క్వెన్యా భాషలో దక్షిణం హ్యర్మెన్, ఉత్తరం ఫోర్మెన్. ఎడమ దిశ, కుడి దిశ అన్నమాట. దిక్కులు లెక్కపెట్టేటప్పుడు కూడా పడమరతోనే మొదలు: నూమెన్, హ్యర్మెన్, రోమెన్, ఫోర్మెన్.

నాకు బాగా నచ్చింది నూమెన్. దాని ధాతువుకి కిందికి దిగడం అని అర్థం. పొద్దు దిగే చోటు. మన పడమర కూడా పొద్దు పడే దిక్కే!

ఇక జనం పేర్లు. సిందారిన్ అనే సోదర భాషలో దక్షిణం హరద్, దానికి గుంపు అనే అర్థమున్న రిమ్ చేరిస్తే హరద్‌రిమ్, దక్షిణాది జనం. ఒక్క మనిషిని హరద్‌రిమ్ అనకూడదు, మనం "ఒక జనం వచ్చాడు" అనం కదా, అలాగే. గిట్టనివాళ్ళకి మాత్రం ఎక్కువగా హోత్ తగిలిస్తారు. ఆ కథల్లో రాక్షసుల్లాంటి ఓర్కులు గ్లమ్‌హోత్, గోల చేసే మూక. రిమ్ అంటే జనం, హోత్ అంటే మూక అనుకుంటే మనకి ఇట్టే పట్టుబడుతుంది.

హరద్‌రిమ్ అన్న పేరు ఉత్తరాన ఉన్నవాళ్ళు పెట్టింది. ఎవడికి వాడు దక్షిణాదివాడు కాడు. సంగం కాలపు తమిళులు వేంకటానికి, అంటే తిరుమల కొండకి, ఉత్తరాన ఉన్న మనల్ని వడుగర్ అన్నారు. వడ అంటే ఉత్తరం. నీలగిరుల్లో ఉండే బడగ జనానిదీ అదే కథ, కన్నడంలో బడగ అంటే ఉత్తరమే. మనం మాత్రం మనల్ని ఎప్పుడైనా ఉత్తరాదివాళ్ళం అనుకున్నామా?

ఈ దిక్కుల ముచ్చటకి రాజోలు నుంచి ఒకావిడ జవాబు రాశారు: "మా వైపు దిక్కులతో పనేముందండీ? ఎగువ, దిగువ అంటే చాలు. మనుషులైతే మెట్టోళ్ళు, లంకోళ్ళు. ఆయ్!"

నిజమేనండీ. నీళ్ళు పారే నేలలో పారుదలే దిక్కు. తమిళంలో కూడా తూర్పు పేరు కిళక్కులో పల్లం ఉంది, పడమర పేరు మేర్కులో మెరక ఉంది. వాళ్ళ నేల వాలు అలాంటిది మరి. మన గోదావరి కాలవలకి మాత్రం తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని ఇంజనీర్ల లెక్కే ఖాయమైపోయింది.

ఇంకొకరు అడిగారు: "తూర్పారబట్టడం తూర్పుగాలి వల్లే వచ్చిందా?"

కాదండీ, చెవికి అలా వినిపిస్తుందంతే. తమిళంలో తూఱ్ఱు అంటే గింజల్ని ఎగరబోసి పొల్లు పోగొట్టడం. మన మాట దానికి చుట్టం. గాలి ఎటు నుంచి వీచినా కళ్ళంలో పని జరుగుతుంది.

మావాడు ఊరుకున్నాడా? సిందారిన్‌లో తోల్ అంటే దీవి అట, మన లంకవాళ్ళకి తోల్‌రిమ్ అని సొంతంగా పేరు కట్టేశాడు. పక్కనే బీరకాయ చెక్కు తీస్తున్న మా అమ్మ విని, "ఏం తోల్రిమ్మురా? గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళా?" అంది.