ఒకే రిమోట్, రెండు రిసీవర్లు: ఒకటి పీకేయాలా, సెట్టింగ్స్‌లో సర్దాలా?

పాతపెట్టె: హాల్లో టీవీకి తగిలించిన లినక్స్ పీసీ. టీవీ ట్యూనర్ కార్డుతో వచ్చిన ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) రిసీవర్ ఒకటి, తర్వాత కొన్న యూఎస్‌బీది (ఎంసీఈ, అంటే విండోస్ మీడియా సెంటర్ రకం) ఇంకోటి. పాత రిమోట్ మ్యాప్ (ఏ బటన్ ఏం చేయాలో చెప్పే పట్టిక) రెండింట్లోనూ ఎక్కించాను, అదే కొంప ముంచినట్టుంది. వాల్యూమ్ ఒక్కసారి నొక్కితే రెండు మెట్లు ఎక్కుతోంది, పాజ్ నొక్కితే ఆగినట్టే ఆగి మళ్లీ నడుస్తోంది. నాన్నగారు ఆ పాత రిమోట్ వదలరు, నాకేమో కొత్తది కావాలి.

స్క్రూడ్రైవర్: కార్డు రిసీవర్ మీద నల్ల టేపు అతికించండి. రెండు నిమిషాల పని.

నైట్‌డ్యూటీ: టేపు నల్లగా ఉంటే ఐఆర్ ఆగుతుందని ఎవరన్నారండీ? మీ రిమోట్ ముందున్న నల్ల ప్లాస్టిక్ ముక్క చూడండి, సిగ్నల్ దాన్లోంచే కదా బయటికొచ్చేది.

స్క్రూడ్రైవర్: సరే, టేపు వద్దు. చాలా కార్డులకి ఆ రిసీవర్ వెనక 3.5 ఎంఎం జాక్‌లో గుచ్చిన వైరే, లాగేస్తే పోతుంది. కాన్ఫిగ్ ఫైల్లో రాసింది ఆర్నెల్లయ్యాక రాసినవాడికే గుర్తుండదు.

పాతపెట్టె: నాది జాకే. కానీ లాగేస్తే నాన్నగారి రిమోట్ సంగతి?

నైట్‌డ్యూటీ: అక్కడే ఉంది కిటుకు. ఎంసీఈ రిసీవర్ పల్సుల్ని ఉన్నవి ఉన్నట్టు పంపిస్తుంది, వాటిని విడదీసి చదివేది కెర్నెల్ (లినక్స్ గుండెకాయ), అందుకే రెండు ప్రోటోకాల్స్, అంటే రెండు రిమోట్ల సిగ్నల్ భాషలు, ఒకేసారి ఆన్ చేసుకోవచ్చు. మ్యాప్‌లు ఎక్కించే ఐఆర్-కీటేబుల్ కమాండ్‌లో మైనస్ సీ కొట్టి పాత మ్యాప్ తుడిచేసి, మైనస్ డబ్ల్యూ రెండుసార్లు ఇచ్చి రెండు రిమోట్ల మ్యాప్‌లూ యూఎస్‌బీ దానికే ఎక్కించండి. అయితే రిసీవర్లకి కెర్నెల్ ఇచ్చే ఆర్‌సీ0, ఆర్‌సీ1 అనే నంబర్లని నమ్ముకోవద్దు, బూట్‌లో కెర్నెల్‌కి ఏది ముందు కనిపిస్తే దానికి సున్నా, రేపు తారుమారు కావచ్చు. ఏ రిసీవర్‌కి ఏ మ్యాప్ ఎక్కాలో చెప్పే ఆర్‌సీ మ్యాప్స్ ఫైల్లో డ్రైవర్ పేరుతో రాయండి. రెండూ ఒకే డ్రైవరువైతే అదీ పనిచేయదు, అప్పుడు యూఎస్‌బీ పోర్టుని బట్టి యూడెవ్ (పరికరం కనిపించగానే ఏం చేయాలో చూసే లినక్స్ భాగం) రూల్ రాసుకోవాల్సిందే.

కొత్తబిచ్చగాడు: ఇంత టెన్షన్ ఎందుకు, బ్లూటూత్ రిమోట్ కొనుక్కుంటే పోలా?

పాతపెట్టె: మా నాన్నగారికి మీరే చెప్పండి బాబూ.

పాతపెట్టె: అప్‌డేట్. జాక్ లాగేశాను, రెండు మ్యాప్‌లూ యూఎస్‌బీ దానికి ఎక్కించాను, మూడుసార్లు రీబూట్ చేసి చూశాను. వాల్యూమ్ ఒక్కో మెట్టే ఎక్కుతోంది. రెండు రిమోట్లూ పలుకుతున్నాయి.

స్క్రూడ్రైవర్: చూశారా, చివరికి పీకాల్సే వచ్చింది.

నైట్‌డ్యూటీ: ఉత్తినే పీకి ఊరుకుంటే ఆయన రిమోట్ ఈపాటికి అటకెక్కేది.