నీట్ రెండోసారి 412: మళ్ళీ లాంగ్‌టర్మా, బి కేటగిరీనా, విదేశమా?

నల్గొండ_అక్క (ప్రశ్న):

తమ్ముడి గురించి అడుగుతున్నా. 2024 నీట్‌లో (వైద్య ప్రవేశ పరీక్ష) 455, ర్యాంకు మూడు లక్షల పైన. లాంగ్‌టర్మ్ (ఏడాది కోచింగ్) చేసి 2025లో 412, ర్యాంకు రెండు లక్షల లోపు. బయాలజీ 260, కెమిస్ట్రీ 92, ఫిజిక్స్ 60. బీసీ-డి. పదో తరగతి దాకా నల్గొండలో, ఇంటర్ బైపీసీ విజయవాడ హాస్టల్లో.

ఇంట్లో తలా ఒక మాట. నాన్న బి కేటగిరీ (ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు) అంటున్నారు, అంటే పొలం అమ్మాల్సిందే. మేనమామ జార్జియా అంటున్నాడు, కన్సల్టెన్సీ వాళ్ళు ఈ వారంలో అడ్వాన్సు కట్టమంటున్నారట. వాడు మాత్రం ఇంకొక్క ఏడాది అంటున్నాడు. మార్కులు 43 తగ్గాక మళ్ళీ కూర్చోబెట్టడం తెలివైన పనేనా? మూడోసారి రాస్తే కౌన్సెలింగ్‌లో ఇబ్బంది ఉంటుందా?

కౌన్సెలింగ్_కాగితాలు:

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసూ లేదు. ఎన్నోసారి రాశాడన్నది సీటు ఇచ్చేటప్పుడు ఎవరూ చూడరు.

మార్కులు తగ్గాయని బెంగపడకండి. 2024లో 600 దాటినవాళ్ళు సుమారు 80 వేలు. 2025లో 601, ఆపైన వచ్చినవాళ్ళు మొత్తం 1,332 మందే, దేశం మొత్తంలో టాప్ మార్కు 686. అంత కఠినమైన పేపర్లో 412 అంటే 2024 నాటి 455 కన్నా మెరుగు. మీరిచ్చిన ర్యాంకులే ఆ మాట చెబుతున్నాయి.

అసలు చిక్కు మీరు దాటేసిన ముక్కలో ఉంది: ఇంటర్ విజయవాడ. తెలంగాణలో కాళోజీ హెల్త్ వర్సిటీ కన్వీనర్ కోటాకు (సర్కారీ ఫీజు సీట్లు) లోకల్ కావాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, వరసగా నాలుగేళ్ళూ తెలంగాణలోనే చదివి ఉండాలి. 2024 సవరణ ఇది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. తల్లిదండ్రుల ప్రభుత్వోద్యోగం వల్ల పిల్లలు బయటి రాష్ట్రంలో చదవాల్సి వచ్చిన కుటుంబాలకు కొన్ని మినహాయింపులున్నాయి, వ్యవసాయ కుటుంబానికి అవి వర్తించవు. ఆంధ్రలోనూ నాలుగేళ్ళ లెక్కే, అక్కడ మీవాడికి ఉన్నవి రెండేళ్ళు. అంటే ఇక్కడా లోకల్ కాడు, అక్కడా కాడు. "ఇప్పుడు హైదరాబాద్‌లో లాంగ్‌టర్మ్ పెడితే లోకల్ అవుతాడు" అని ఎవరైనా అంటే నమ్మకండి. లాంగ్‌టర్మ్ కోచింగే, దాన్ని చదువు కింద లెక్కించరు.

కాబట్టి మీవాడికి సర్కారీ ఫీజుతో సీటు దొరికే ప్రధాన దారి ఎంసీసీ (కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నడిపే 15 శాతం ఆల్ ఇండియా కోటా. అందులో ఓబీసీకి కూడా ఎంబీబీఎస్ పాతికవేల ర్యాంకు లోపే అయిపోతుంది. 2025లో 550 దాటినవాళ్ళు 11,990 మంది. అంటే అలాంటి పేపర్లో 530 అటూఇటూ రావాలి. ఇంకో ఏడాది అన్నప్పుడు ముందు పెట్టుకోవాల్సిన గురి అది. పక్కింటి లోకల్ పిల్లాడికి అంత అక్కర్లేదు, వాడితో పోల్చి లెక్క వేయకండి.

ఆ కోటాలో వాడుకోవాల్సింది రాష్ట్ర బీసీ-డి సర్టిఫికెట్ కాదు, కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ నాన్ క్రీమీలేయర్. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూడండి, కొన్ని రాష్ట్ర బీసీ కులాలు అందులో లేవు. ఉంటే కేంద్రం ఫార్మాట్‌లోనే తాజాగా తీయించండి. పాత సర్టిఫికెట్ పట్టుకెళ్ళి రిపోర్టింగ్ సెంటర్లో సీటు పోగొట్టుకునేవాళ్ళు ఏటా ఉంటారు.

బి కేటగిరీ సంగతి. ప్రైవేటు కాలేజీలో 150 సీట్లుంటే సగం కన్వీనర్, 35 శాతం బి, 15 శాతం సి (ఎన్ఆర్ఐ). బి కింద 52 సీట్లనుకోండి. తెలంగాణలో వాటిలో 85 శాతం లోకల్‌కే, అంటే 44. మిగిలిన ఎనిమిదింటికి దేశమంతా పోటీ. ఫీజు ఏడాదికి పదకొండు లక్షలు దాటుతుంది, హాస్టలు, మెస్సు వేరు. ఆంధ్ర బి కేటగిరీకి ఎన్టీఆర్ హెల్త్ వర్సిటీ వేరే నోటిఫికేషన్ ఇస్తుంది. అర్హత క్లాజు మొత్తం చదివాకే ఫీజు కట్టండి. కన్వీనర్‌కు దరఖాస్తు చేస్తే మేనేజ్‌మెంట్‌కూ చేసినట్టు కాదు, రెండూ వేర్వేరు రిజిస్ట్రేషన్లు.

డీమ్డ్ వర్సిటీల వైపు చూస్తే ఎంసీసీలోనే 2 లక్షల డిపాజిట్ కట్టాలి. మొదటి రౌండులో సీటొచ్చి వద్దనుకుంటే డిపాజిట్ వెనక్కి వస్తుంది. రెండో రౌండులో వచ్చి చేరకపోతే పోతుంది. స్ట్రే, అంటే ఆఖరి రౌండులో వచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, మరుసటి ఏడాది నీట్ కూడా రాయనివ్వరు. "చూద్దాం, వస్తే వస్తుంది" అని స్ట్రేలో ఆప్షన్లు పెట్టేవాళ్ళు ఈ ముక్క చదవరు. ఇంకో ఏడాది రాద్దామనుకునేవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు.

బైపీసీ_ఫిజిక్స్:

పై లెక్క సరిగ్గా ఉంది. అయితే 412 నుంచి 530కి వెళ్ళగలడా అన్నది సబ్జెక్టు మార్కుల్ని బట్టి కాదు, ఓఎంఆర్‌ను (జవాబు పత్రం) బట్టి తేల్చాలి. పరీక్ష పెట్టే ఎన్‌టీఏ ఇచ్చిన ఓఎంఆర్ కాపీని ఫైనల్ కీతో పోల్చి ప్రతి ప్రశ్న పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయమనండి: తెలిసి చేశాను, రెండింటి మధ్య ఊగాను, గుడ్డిగా కొట్టాను.

ఎందుకంటే ఫిజిక్స్‌లో 60 అంటే బహుశా 45 ప్రశ్నలూ దిద్దేశాడు: 21 కరెక్టు, 24 తప్పు. కరెక్టుకు నాలుగు చొప్పున 84, అందులోంచి తప్పుకొకటి చొప్పున 24 తీసేస్తే 60. ఇప్పుడు చూడండి, నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే నాలుగింటికి ఒకటి తగులుతుంది. 24 తప్పులు వచ్చాయంటే గుడ్డిగా పెట్టినవి 32 దాకా ఉండొచ్చు, వాటిలో 8 కలిసొచ్చి ఉంటాయి. అంటే నిజంగా తెలిసి చేసినవి 13. నెగెటివ్ మార్కుల వల్ల పోయిందని ఇంట్లో అనుకుంటుంటారు, అది తప్పు. గుడ్డిగా కొట్టడం వల్ల పోయింది దాదాపు ఏమీ లేదు, సగటున కాస్త లాభమే. పోయింది ఫిజిక్స్ రాకపోవడం వల్ల.

వాడు వేసే గుర్తుల్లో 'తెలిసి చేశాను' అన్నవి 13కు దగ్గరగా వస్తే మళ్ళీ అదే లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో కూర్చోబెట్టడం దండగ. బ్యాచ్‌లో మూడు సబ్జెక్టులకూ సమానంగా క్లాసులుంటాయి, వాడికి కావలసింది రోజూ మూడున్నర గంటలు ఫిజిక్స్. బైపీసీ పిల్లల లోపం ఫిజిక్స్‌లో కాదు, దాని కింద ఉన్న లెక్కల్లో ఉంటుంది. మొదటి రెండు వారాలు అవకలనం, సమాకలనం ప్రాథమిక సూత్రాలు, సదిశలు, లాగరిథమ్, గ్రాఫు వాలు చదవడం. ఆ తర్వాతే చాప్టర్లు. మెకానిక్స్ దగ్గర మొదలెట్టి మూడు నెలలు అక్కడే ఇరుక్కోకుండా కరెంట్ ఎలక్ట్రిసిటీ, రే ఆప్టిక్స్, మోడర్న్ ఫిజిక్స్, సెమీకండక్టర్లు ముందు పూర్తిచేస్తే త్వరగా మార్కులు కనిపిస్తాయి.

బయాలజీలో 260 అంటే ఇంకా 60 పెరిగే చోటుంది. తెలుగు అకాడమీ బాటనీ, జువాలజీ మీద పెరిగిన పిల్లలకు విషయం తెలుసు, కానీ ప్రశ్న ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం మీద వస్తుంది. జతపరచడం, రెండు స్టేట్‌మెంట్ల ప్రశ్నల్లో తప్పులన్నీ అక్కడే. బొమ్మల కింది రాతలు, పట్టికలు కూడా వదలకూడదు.

ఇప్పుడు 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. బయాలజీ 50, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 65, మిగిలినవి మళ్ళీ చూసుకోడానికి. బబ్లింగ్ (ఓఎంఆర్ మీద గడులు దిద్దడం) చివరికి వదలొద్దు, ఏ పేజీకాపేజీ దిద్దాలి. గ్రాండ్ టెస్టులు పొద్దున రాయించే చోట్ల కూడా ఆదివారం ఒకటి మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా రాయించండి, అసలు పరీక్ష ఆ వేళకే. అన్నం తిని కూర్చున్నాక మూడింటికి వచ్చే మగత పొద్దున టెస్టుల్లో కనపడదు.

డిసెంబరు చివరికి కొత్త గ్రాండ్ టెస్టుల్లో ఫిజిక్స్ తెలిసి చేసినవి 25 దాటకపోతే 530 ఆశ పెట్టుకోవద్దు.

ఎఫ్ఎంజీ_లెక్కలు:

జార్జియా అడ్వాన్సు ఈ వారం కట్టక్కర్లేదు. విదేశీ ఎంబీబీఎస్‌కు నీట్ అర్హత ఫలితం వచ్చిన నాటి నుంచి మూడేళ్ళు చెల్లుతుంది. 2024లోనే అర్హత వచ్చింది, 2025లో బీసీలకు అర్హత మార్కు 113, అదీ దాటాడు. ఇంకో ఏడాది రాసి తర్వాత వెళ్ళినా ఈ దారి మూసుకుపోదు. తొందర ఏజెంటుది.

వెళ్ళేటట్టయితే జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు పట్టుకుని కాలేజీని అడగండి. కోర్సు కనీసం 54 నెలలు, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, బోధన ఇంగ్లీషులో, ఆ డిగ్రీతో ఆ దేశంలోనే ప్రాక్టీసుకు రిజిస్ట్రేషన్ దొరకాలి. అన్నీ చేరిన నాటి నుంచి పదేళ్ళలో పూర్తవ్వాలి. నాలుగో షరతు దగ్గరే చాలా బ్రోషర్లు మౌనంగా ఉంటాయి. ఫిలిప్పీన్స్‌లో అసలు వైద్య కోర్సు ఎండీకి ముందు చేసే బీఎస్‌ను దానితో కలిపి నెలలు లెక్కచెప్పే కన్సల్టెన్సీ కనిపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ, అంటే విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు ఇక్కడ పాసవ్వాల్సిన పరీక్ష: 300 ప్రశ్నలు, 150 రావాలి, నెగెటివ్ లేదు, ఏడాదికి రెండుసార్లు. 2025 జూన్‌లో పాసైంది ఐదుగురిలో ఒకరికన్నా తక్కువ. దాని తర్వాత ఇక్కడ మళ్ళీ 12 నెలల ఇంటర్న్‌షిప్. ఆరేళ్ళ కోర్సని చెప్పినా చేతికి రిజిస్ట్రేషన్ వచ్చేసరికి ఎనిమిదేళ్ళు వేసుకోండి. ఫీజు డాలర్లలో కాబట్టి ఈరోజు చెప్పిన రూపాయలు నాలుగో ఏడాదికి ఉండవు.

నల్గొండ_అక్క:

లోకల్ సంగతి మాకెవరూ చెప్పలేదు. బీడీఎస్ తీసుకుని తర్వాత ఎంబీబీఎస్‌కు మారొచ్చని కాలేజీ వాళ్ళన్నారు, నిజమేనా?

కౌన్సెలింగ్_కాగితాలు:

మారడం ఉండదు. ఎంబీబీఎస్ కావాలంటే మళ్ళీ నీటే రాయాలి, పైగా చేరిన సీటు మధ్యలో వదిలితే బాండు సంగతి ఉంటుంది. డెంటల్ ఇష్టమైతే డెంటల్ కోసమే చేరాలి. దాంతోపాటు బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్, పశువైద్యం కూడా నీట్ ర్యాంకుతోనే, నోటిఫికేషన్లు మాత్రం వేర్వేరు.

ఈ వారం చేయాల్సింది: ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్లు తెచ్చి, ఏ ఏడాది ఎక్కడో ఒక కాగితం మీద రాయండి. హాస్టల్ విజయవాడలో ఉన్నా, అడ్మిషన్ రికార్డులో ఇంటర్ ఏ జిల్లా కాలేజీ పేరున ఉందో చూడండి. హాల్‌టికెట్ మీద ఆంధ్ర బోర్డు ఉంటే నేను చెప్పిందే ఖాయం. తెలంగాణ బోర్డు ఉంటే కన్వీనర్ లెక్క మొత్తం మొదటి నుంచి వేయాలి, ఆ సంగతి ఇక్కడే రాయండి.